సూర్యలంకలో ఉంగరం వెతకాలంటే ఎంత కాయిల్ కావాలి?

గుంటూరులో నాది మోటార్ల రీవైండింగ్ షాపు. వారమంతా రాగి తీగ, వార్నిష్ వాసన. ఆదివారం తెల్లవారుజామున మాత్రం మెటల్ డిటెక్టర్‌ని బండికి కట్టుకుని చేబ్రోలు, పొన్నూరు మీదుగా బాపట్ల, అక్కడి నుంచి సూర్యలంక బీచి. ఈ పిచ్చి సంగతి తెలిసిన రైతులు షాపులో కూర్చుని మొదట అడిగేది, "ఎంత లోతు లాగుద్ది అన్నా?" ఆ తర్వాత, "పెద్ద కాయిల్ వేస్తే ఇంకా లోతు లాగుద్దిగా?" కాయిల్ అంటే మిషన్ కర్ర చివర ఉండే, లోపల తీగ చుట్టిన పళ్ళెం. వాళ్ళది బోరు మోటారు లెక్క. 5 హెచ్‌పీకి నీళ్ళు అందకపోతే ఏడున్నర దించుతారు.

నేనూ అదే లెక్క వేశాను. మిషన్‌తో పాటు వచ్చిన 11 అంగుళాల కాయిల్‌తో పట్టుమని పది ఆదివారాలు తిరగకుండానే 15 అంగుళాలది కొన్నాను. దాని బదులు 6 అంగుళాలది కొనుంటే డబ్బూ మిగిలేది, ఓ రెండేళ్ళు ముందుగా పనీ వచ్చేది.

సైజు సంగతికి ముందు కాయిల్ ఏం చేస్తుందో ఒక్క ముక్క. ఇండక్షన్ మోటారు రోటర్‌కి ఏ వైరూ పోదు. స్టేటర్ కాయిళ్ళలో కరెంటు మారుతుంటే రోటర్ కడ్డీల్లో దానంతటదే కరెంటు పుట్టి తిరుగుతుంది. డిటెక్టర్ కాయిల్‌ని స్టేటర్ అనుకోండి, ఇసుకలో ఉన్న ఉంగరం రోటర్. ఉంగరంలో పుట్టిన ఆ పిసరంత కరెంటు పైకి పంపే జవాబుని ఇంకో చుట్ట పట్టుకుంటుంది. మోటార్లో స్టేటర్‌కీ రోటర్‌కీ మధ్య సందు మిల్లీమీటరు కూడా ఉండదు. ఇక్కడ సందు 8 అంగుళాలు, మధ్యలో ఉప్పునీళ్ళు. పైగా బలం పోయేటప్పుడూ తగ్గుతుంది, వచ్చేటప్పుడూ తగ్గుతుంది. కాయిల్ సైజుని దాటిన లోతులో, దూరం రెండింతలైతే జవాబు సగం కాదు, 64వ వంతుకి పడిపోతుంది. అందుకే కాయిల్ రెండింతలు చేస్తే లోతు రెండింతలు కాదు. కొంచెం పెరుగుతుంది, అంతే. కాయిల్ కింద పడే ఇసుక మాత్రం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ ఇసుకలోని ఉప్పు, నల్ల ఇసుక, సోడా మూతలు అన్నీ ఒకేసారి చెవిలో అరుస్తాయి.

నా చేతికి వచ్చిన లెక్క ఇది. రూపాయి బిళ్ళంత వస్తువుకి, ఇసుక శుభ్రంగా ఉంటే, ఇంచుమించు కాయిల్ వెడల్పంత లోతు వరకు ఆశ పెట్టుకోవచ్చు. 6 అంగుళాలది 5, 6 అంగుళాలు. 11 అంగుళాలది 8, మహా అయితే 10. 15 అంగుళాలది 15 ఇస్తుందనుకోకండి. దానికి 11 అంగుళాల కాయిల్ కంటే ఓ రెండంగుళాలు ఎక్కువ వచ్చిన రోజు నేను టీ తాగించాను. సన్న గొలుసుకి ఈ లెక్కలేవీ వర్తించవు. గొలుసుని మిషన్ ఒక్క ముక్కగా చూడదు, ఏ లింకుకా లింకు విడిగా చూస్తుంది. నల్లపూసల గొలుసు పోతే దొరికేది చాలాసార్లు దాని కొక్కెం వల్లే. ఆ పని చిన్న కాయిల్‌ది, పెద్దదానికి అది కనపడదు.

నాకు ఇదంతా తలకెక్కింది ఒక కార్తీక పౌర్ణమి మర్నాడు. సముద్రస్నానాలకి సూర్యలంక వచ్చే జనం సంగతి ఈ జిల్లాల వాళ్ళకి చెప్పక్కర్లేదు. పొన్నూరు దగ్గర రైతు ఒకాయన నా దగ్గరే మోటార్లు చుట్టించుకుంటాడు. పొద్దున్నే ఫోన్. పెళ్ళిలో అల్లుడికి పెట్టిన అరకాసు ఉంగరం పోయింది. అదృష్టం ఏమిటంటే నీళ్ళలో కాదు, ఒడ్డున తల తుడుచుకుంటుంటే జారింది. ఎక్కడ కూర్చున్నారో గుర్తుంది, రెండు పట్టాలు పరిచినంత చోటు.

15 అంగుళాల కాయిల్ బిగించుకుని పోయాను. రెండు గంటలు తిప్పాను. దీపావళి అయి పదిహేను రోజులే కాబట్టి కాకరపువ్వొత్తుల ఇనప తీగలు, వాటికి తోడు సోడా మూతలు, వలలకి కట్టే సీసం గుళ్ళు. పెద్ద కాయిల్ కింద ఒకేసారి నాలుగైదు పడుతున్నాయి. మిషన్ గురక పెట్టినట్టు మోగుతోంది, కింద ఏ లోహం ఉందో తెర మీద చూపించే నంబరు ఒక్క చోట నిలవదు. "పోతే పోయిందిలే మామయ్యా" అని అల్లుడు. "మీరుండండి" అని మామ. ఆయన నా వైపు తిరిగి "ఏందయ్యా, అంత పెద్ద పళ్ళెం తెచ్చి ఏం లాభం" అన్నాడు.

అక్కడే చేపల వేటకి పోయే పెద్దాయన ఒకాయన వల బాగు చేసుకుంటూ ఇదంతా చూస్తున్నాడు. "మూతలు ఏరిపారేసి చూడు బాబూ" అన్నాడు. మాట బాగానే ఉంది, కానీ మూతని విడిగా పట్టుకోవాలంటేనే చిన్న కాయిల్ కావాలి. బాపట్లలో నాలాంటి పిచ్చివాడు ఇంకొకడున్నాడు. అతని దగ్గర నా మిషన్‌కి సరిపోయే 6 అంగుళాల కాయిల్ అడిగి తెచ్చాను. ఈసారి ఒక్కో శబ్దం విడివిడిగా వచ్చింది. మూత, మూత, తీగ. తర్వాత రెండు మూతల మధ్య నుంచి చిన్నగా, గుండ్రంగా, ఎటు నుంచి ఊపినా ఒకేలా వినిపించే శబ్దం. 4 అంగుళాల లోతు. మూతకీ ఉంగరానికీ మధ్య బెత్తెడు దూరం కూడా లేదు. పొద్దున 15 అంగుళాల కాయిల్ ఆ చోటు మీదుగా కనీసం పదిసార్లు పోయుంటుంది.

కాబట్టి ఎంత లోతు కావాలన్న ప్రశ్న వెనక్కి పెట్టండి. ఇసుకలో ఏ పట్టీలో నిలబడబోతున్నారో ముందు చూసుకోండి.

బళ్ళు, బజ్జీల కొట్లు, జనం కూర్చునే పొడి ఇసుకలో చెత్త ఎక్కువ. వస్తువులు లోతుకి పోయుండవు, కాళ్ళ కింద నలిగి 3, 4 అంగుళాల్లోనే ఉంటాయి. ఇక్కడ 6 అంగుళాల గుండ్రటిది గానీ, 9×5 లాంటి కోడిగుడ్డు ఆకారంది గానీ వాడండి. కొట్లకి దూరంగా శుభ్రమైన పొడి ఇసుక ఉంటే 11 అంగుళాలు హాయిగా తిరుగుతుంది.

తడి ఇసుక కథ వేరు. ఉప్పునీళ్ళు కరెంటుని పోనిస్తాయి కాబట్టి మిషన్‌కి ఆ ఇసుకంతా బలహీనమైన లోహపు ముద్దలా కనిపిస్తుంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే మామూలు వీఎల్ఎఫ్ (బాగా తక్కువ ఫ్రీక్వెన్సీ) మిషన్లు ఇక్కడ ఊరికే కూస్తాయి. కాయిల్‌ని రెండంగుళాలు ఎత్తి దించినా చాలు, లేని వస్తువుకి మోగుతాయి. పెద్ద కాయిల్ వేస్తే ఈ కూత పెరుగుతుంది, మీరు సెన్సిటివిటీ, అంటే మిషన్ ఎంత చిన్న జవాబుకి మోగాలన్న సెట్టింగ్, తగ్గిస్తారు, తగ్గించగానే డబ్బు పోసి కొన్న లోతు కాస్తా పోతుంది. ఒకే ఫ్రీక్వెన్సీ మిషన్ అయితే తడి ఇసుకలో 8, 9 అంగుళాలు దాటకండి. ఎక్వినాక్స్ లాగా ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు వాడే మిషన్‌కి బీచ్ మోడ్ పెట్టుకుంటే 11 అంగుళాలు చక్కగా నిలబడుతుంది. కరెంటుని ఆగకుండా కాక విడివిడి దెబ్బలుగా పంపే పల్స్ ఇండక్షన్ మిషన్లు ఉప్పుని పెద్దగా లెక్కచేయవు, పెద్ద కాయిల్ కూడా మోస్తాయి. కానీ ఇనుముకీ బంగారానికీ తేడా చెప్పవు. మన బీచిల్లో మేకులు, గాలాలు, తీగలు తవ్వి తవ్వి నడుం పోతుంది.

మన తీరంలో ఆటుపోట్ల తేడా గుజరాత్ ఖంబాత్ వైపులాగా మీటర్లకి మీటర్లు ఉండదు. నీళ్ళు వెనక్కి తీసినప్పుడు బయటపడే తడి పట్టీ సన్నగానే ఉంటుంది. అమావాస్యకీ పౌర్ణమికీ అటూ ఇటూ రెండు మూడు రోజులు అది కాస్త వెడల్పవుతుంది. నీళ్ళు వెనక్కి తీయడం మొదలైన గంటకి వెళ్ళి, నీళ్ళు దిగుతున్న కొద్దీ వాటి వెంటే దిగండి.

నీళ్ళలోకి దిగేవాళ్ళకి ఒకటే మాట, మోకాళ్ళు దాటొద్దు. సూర్యలంకలో నీళ్ళు ఎంతమందిని తీసుకెళ్ళాయో అక్కడి పోలీసుల్ని అడగండి. మోకాలి లోతులోనే 15 అంగుళాల కాయిల్‌ని అల తెరచాపలా తోసేస్తుంది, మణికట్టు తిరిగిపోతుంది. నీళ్ళలో 8 నుంచి 10 అంగుళాలు చాలు. మధ్యలో ఖాళీలు ఉన్న కాయిల్ అయితే నీళ్ళు అందులోంచి పోతాయి. కాయిల్ లోపల గాలి ఎక్కువ ఉంటే పైకి తేలుతుంది, దాన్ని కిందికి నొక్కి పట్టుకోవడమే ఒక పని.

ఇసుకని పరీక్షించడానికి పాత స్పీకర్ అయస్కాంతం ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి జేబులో వేసుకోండి. ఇసుకలో ఒకసారి ఈడ్చి చూడండి. కవరుకి నల్లటి మీసాల్లా రేణువులు దట్టంగా అంటుకుంటే అక్కడ మాగ్నటైట్ అనే ఇనప ఖనిజం ఉన్నట్టు. ఆ చోట ఒక సైజు తగ్గించండి, గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే ఆ ఇసుక శబ్దాన్ని పట్టించుకోవద్దని మిషన్‌కి నేర్పే సర్దుబాటు, మళ్ళీ చేయండి. ఒకే బీచిలో కూడా అలలు నల్ల ఇసుకని చారలుగా పేరుస్తాయి. పది అడుగులు జరిగితే మారిపోతుంది. బందరు వైపు మంగినపూడిలో ఇసుక కంటే నల్లబంక ఎక్కువ. అక్కడ కాలే పైకి రాదు, పెద్ద కాయిల్ గురించి ఆలోచించడం దండగ.

విజయవాడ వాళ్ళకి సాధన చేయడానికి కృష్ణ ఉంది. నీళ్ళు తగ్గినప్పుడు బయటపడే ఇసుకలో ఉప్పు గోల లేదు, రైల్లోంచి జనం విసిరిన బిళ్ళలు కావలసినన్ని. కానీ 2016 పుష్కరాలకి బాగుచేసిన ఘాట్ల మెట్ల దగ్గర మాత్రం కాంక్రీటు లోపల ఇనప కడ్డీలు ఉంటాయి. 11 అంగుళాలతో మెట్టు పక్కకి వెళ్తే సైరన్ మోగినట్టే. 6 అంగుళాలతో మెట్టుకి జానెడు ఎడంగా తిప్పుకోవచ్చు.

కాయిల్ ఆకారం సంగతి కూడా చూడండి. డబుల్ డీ అని రాసి ఉన్నదాంట్లో రెండు డీ ఆకారపు చుట్టలు మధ్యలో ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. అది ముందు నుంచి వెనక్కి కత్తి వాదరలా సన్నగా చూస్తుంది, ఖనిజం ఉన్న ఇసుకలో స్థిమితంగా ఉంటుంది. కాన్సెంట్రిక్ అంటే పెద్ద చుట్ట లోపల చిన్న చుట్ట. అది కిందికి గరాటులా సన్నబడుతుంది, వస్తువు సరిగ్గా ఎక్కడుందో బాగా చూపిస్తుంది, కానీ తడి ఇసుకలో అల్లరి చేస్తుంది. సముద్రానికైతే డబుల్ డీ.

ఇక చెయ్యి. షాపులో రాగి తీగ తూచే కాటా మీద నా 11, 15 అంగుళాల కాయిళ్ళు రెండూ పెట్టి చూశాను. తేడా దాదాపు పావుకిలో. పావుకిలో ఏముంది అనిపిస్తుంది గానీ, ఆ బరువు చేతిలో కాదు, మీటరు పొడవు కర్ర చివర ఉంటుంది. మూడు గంటలకి భుజం చెప్పేస్తుంది. చిన్న కాయిల్‌కి మరో ఖర్చుంది, అది ఊపుల లెక్క. ప్రతి ఊపూ ముందు ఊపు మీదికి సగం ఎక్కాలి. అలా 10 మీటర్ల పొడవు పట్టీ దాటడానికి 15 అంగుళాలతో 50 ఊపులు, 11తో 70, 6తో 130. ఖాళీగా ఉన్న అర కిలోమీటరు బీచిని 6 అంగుళాలతో దున్నాలనుకుంటే అది వ్యవసాయమే. ఎక్కడ పోయిందో తెలిసిన వస్తువుకి చిన్నది, ఎక్కడ ఏముందో తెలియని చోట మధ్యరకం.

15 అంగుళాలకి రోజులు లేవని కాదు. అలలు ఇసుకని తెచ్చి మేట వేసినప్పుడు, ట్రాక్టర్లతో పైచెత్త ఊడ్చేసినప్పుడు, పైన శుభ్రంగా ఉండి వస్తువులు లోతుకి పోయినప్పుడు అది పనికొస్తుంది. తుపాను తర్వాత దీనికి తలకిందులు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి గాలివాన తర్వాత కొన్ని చోట్ల ఇసుక కోసుకుపోయి గట్టి పొర పైకి వస్తుంది. బరువైన వస్తువులు ఆ పొర మీదే కూర్చుని ఉంటాయి, లోతు అక్కర్లేదు. కొట్టుకొచ్చిన రేకులూ వైర్లూ మాత్రం బోలెడు. అందరూ తుపాను తర్వాత పెద్ద కాయిల్ తీస్తారు, నేను చిన్నది తీస్తాను.

మీ మిషన్, మీ కాయిల్ ఎంత లాగుతాయో నా మాట నమ్మకుండా మీరే చూసుకోండి. ఇంట్లో గాలిలో పెట్టి చూసింది లెక్క కాదు. బీచికి ఒక బంగారు ఉంగరం, ఒక వెండి మెట్టె, ఒక రూపాయి బిళ్ళ, ఒక సోడా మూత తీసుకెళ్ళండి. ఒక్కోదానికి నైలాన్ దారం కట్టి, దారం రెండో కొసని ఐస్‌క్రీమ్ పుల్లకి ముడివేయండి. పుల్ల ఇసుక పైకి కనపడాలి. పొడి ఇసుకలో 4, 6, 8 అంగుళాల్లో పాతి చూడండి, తర్వాత తడి ఇసుకలో అవే. ఆపైన ఉంగరం పక్కన బెత్తెడు దూరంలో మూత పాతి మళ్ళీ తిప్పండి. అసలు పరీక్ష అదే. దారం కట్టడం మాత్రం మర్చిపోకండి. మొదటిసారి నేను దారం లేకుండా మా ఆవిడ మెట్టె పాతాను. ఇంటికొచ్చాక "డిటెక్టర్ పెట్టుకుని పారేసుకున్నావా" అంది. ఆ మాట ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతుంది.

రూపాయి బిళ్ళ ఎందుకన్నానంటే, 1992 నుంచి వచ్చిన రూపాయి బిళ్ళలు స్టెయిన్‌లెస్ స్టీలువి, అయస్కాంతానికి అంటుకుంటాయి. ఇనుము వద్దు అని డిస్క్రిమినేషన్ పెట్టుకుంటే మిషన్ వాటిని కూడా మింగేయొచ్చు. పెద్ద కాయిల్ కింద ఆ బిళ్ళ, తుప్పు మేకు ఒకేలా అనిపిస్తాయి, చిన్నదాని కింద బిళ్ళ శబ్దం కాస్త గుండ్రంగా తెలుస్తుంది. ఇంగ్లిష్ వీడియోల్లో చూపించే నంబర్లు వాళ్ళ నాణేలవి. మన నంబర్లు మనమే రాసుకోవాలి. నేను షాపు బిల్లు పుస్తకం వెనక రాసుకున్నాను.

కొనేటప్పుడు మూడు చూడండి. కాయిల్ మీ మిషన్ మోడల్‌కే అని రాసుందా, కనెక్టర్ పిన్నులు కలుస్తాయా, వాపసు తీసుకుంటారా. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు నాకు "అన్నిటికీ సరిపోద్ది" అని పంపిన కాయిల్‌కి పిన్నులే కలవలేదు, ఫోన్ కూడా ఎత్తలేదు. సరే, తీగ చుట్టడం మన పనేగా అని నేనే ఒకటి చుట్టాను. చుట్టడం తేలికే. కానీ వీఎల్ఎఫ్ కాయిల్లో పంపే చుట్ట గోల వినే చుట్టలోకి పోకుండా రెండిటినీ సరిగ్గా తూకం వేసి అతికించాలి. వెంట్రుకవాసి జరిగినా మిషన్ మొత్తుకుంటుంది. నాలుగుసార్లు అతికించి వదిలేశాను. ఇంకోటి, కాయిల్ నీళ్ళలో మునగొచ్చు అంటే మిషన్ మునగొచ్చు అని కాదు. గారెట్ ఏస్ లాంటివాటికి కాయిల్ ఒక్కటే తడవొచ్చు, పైన పెట్టె తడవకూడదు. సింప్లెక్స్ ప్లస్, ఎక్వినాక్స్ 800 లాంటివి 3 మీటర్ల నీటి వరకు తట్టుకుంటాయి.

దొరికినవాటి గురించి రెండు మాటలు. ఎవరిదో తెలిసిన నగ అయితే వాళ్ళకి, తెలియకపోతే పోలీస్ స్టేషన్‌కి. మట్టిలో దాగి ఉన్న నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కి రాతపూర్వకంగా చెప్పాలని 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం అంటోంది. భట్టిప్రోలు, అమరావతి స్తూపాల చుట్టుపక్కలకి ఈ మిషన్ పట్టుకుని అసలే వెళ్ళకండి.

ఇంటికి రాగానే కాయిల్ కింది మూత ఊడదీసి మంచినీళ్ళతో కడగండి. మూతకీ కాయిల్‌కీ మధ్య చేరిన తడి నల్ల ఇసుక, వచ్చే ఆదివారం లేని ఉంగరాలు చూపిస్తుంది. వైరుని కర్రకి బిగుతుగా చుట్టండి, వదులుగా ఊగినా దొంగ శబ్దాలే. నేను ఇప్పుడు ఎక్కువగా 11 బిగించుకుని వెళ్తాను, 6 బండి డిక్కీలో ఉంటుంది. 15 అంగుళాలది షాపు గోడకి మేకుకి వేలాడుతోంది. మొన్న ఒక కుర్రాడు చూసి, ఇది ఏ ఫ్యాన్ గార్డ్ బాబాయ్ అన్నాడు.